పోపుగారి మేక

ఆ కాలంలో రోము నగరంలో దొంగలు లేరు. ఒక్కడు కూడా లేడు. ఈ మాట ఏ గుడి మెట్ల మీద నిలబడి చెప్పమన్నా చెప్తాను. రోము జనం పరాయివాడి చిల్లుగిన్నె కూడా ముట్టుకునేవాళ్ళు కారు.

కాకపోతే ఒక ఆచారం ఉండేది. కార్డినల్స్ అనే పెద్ద గురువుల్లో ఎవర్ని కొత్త పోపుగా ఎన్నుకుంటే ఆయన ఇంటి మీద ఊరంతా పడి మంచాలు, పరుపులు, మూకుళ్ళు, కిటికీ రెక్కలు, ఆఖరికి గోడకి కొట్టిన మేకులు కూడా ఊడబీక్కుని పట్టుకుపోయేది. లోకానికంతటికీ తండ్రయిన మనిషికి సొంత మూకుడెందుకని వాళ్ళ ఉద్దేశం. దీన్ని దొంగతనం అని ఎవరూ అనేవాళ్ళు కాదు. 'దీవెన' అనేవాళ్ళు. రోములో ఏ ఇంటికెళ్ళి చూసినా ఒక పోపుగారి దీవెన మీద కూర్చుని, ఇంకో పోపుగారి దీవెనలో వండుకుని తింటుండేవాళ్ళు.

ఉగుచ్చో గురువుగారి ఇంట్లో మాత్రం అలాంటిదేదీ లేదు. ఆయన ఒక సందు చివర చిన్న గుడికి గురువు. కొండల్లో మేకలు కాసుకునేవాడి కొడుకు. చిన్నప్పుడు తప్పిపోయిన మేకని వెతుక్కుంటూ ఒక మఠంలోకి వెళ్తే, చదువుకోడానికి వచ్చాడనుకుని లోపల కూర్చోబెట్టారు. కాదని చెప్పడానికి మొహమాటపడ్డాడు. మొహమాటపడుతూనే లాటిను నేర్చుకున్నాడు. మొహమాటపడుతూనే గురువయ్యాడు. ముసలివాడైపోయాడు గానీ ఎవరైనా పిలిస్తే పలక్కుండా ఉండటం, అడిగితే కాదనటం ఇప్పటికీ చేతకాలేదు.

ఆయనకున్న ఆస్తి ఫియోరా అనే ఒక తెల్లమేక. ముసలితనంలో ఆయన కడుపు మొండికేసింది. ఫియోరా పాలు తప్ప ఏది లోపలికెళ్ళినా వెళ్ళిన దారినే వెనక్కొచ్చేది. ఫియోరా కూడా ఆయన్ని తప్ప ఇంకొకర్ని పొదుగు మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. ఇద్దరికీ ఒక్క విషయంలోనే పడేది కాదు. ఆయన పాట. సాయంత్రం ప్రార్థన పాట ఎత్తుకోగానే, ఎంత దూరాన మేస్తున్నా సరే, పరుగెత్తుకొచ్చి వెనక నుంచి ఒక్క పోటు పొడిచేది. ఆయన సర్దుకుని రెండో చరణం ఎత్తుకునేవాడు.

ఉగుచ్చో పాకని ఆనుకునే కార్డినల్ గ్వాల్తియేరో మేడ. పాత పోపు పోయిన మర్నాడు కార్డినల్ పాకలోకి వచ్చాడు. అంతకుముందెప్పుడూ రాలేదు కాబట్టి ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడ్డాడు.

"ఉగుచ్చో, నాయనా, నాకు ఆ పీఠం మీద ఆశ లేదు. నీకు తెలుసుగా?"

"తెలుసండి."

"దేవుడు బలవంతం చేస్తే తప్ప ఎక్కను. అందరి ఓట్లూ నేనే సర్ది వచ్చాను గనక ఈ వారంలోనే బలవంతం చేసేట్టున్నాడు. వచ్చిన చిక్కల్లా నా సామానుతోనే. ఆ వాల్‌నట్ చెక్క మంచం మా తాతగారిది. ఆ వెండి దీపస్తంభాలు మా అమ్మవి. ఊళ్ళో వెధవలు ఊడ్చుకుపోతారు. నీ పాకలో పెడదాం. నీ పాకని ఎవడు చూస్తాడు?"

"నాకు జాగా..."

"కాదంటావా?"

ఉగుచ్చో జీవితంలో అంత కష్టమైన ప్రశ్న లేదు. ఆ రాత్రికల్లా వాల్‌నట్ మంచం పాకలోకొచ్చింది. ముఖమల్ తెరలొచ్చాయి. పింగాణీ వచ్చింది. గురువుగారు, మేక వెళ్ళి కట్టెల కొట్టంలో పడుకున్నారు. కార్డినల్ తన మేడలో ఒక విరిగిన పీట, ఒక చీపురు మిగిల్చి, దోచుకునేవాళ్ళకి ఇబ్బంది లేకుండా తలుపు బార్లా తెరిచిపెట్టి, ఎన్నికకి వెళ్ళాడు.

ఎన్నికకి కార్డినల్స్‌నందర్నీ పెద్ద గుళ్ళో పెట్టి బయట తాళం వేశారు. లోపల ఓట్లు ఇంకా వేస్తుండగానే బయట పుకారు లేచింది. "గ్వాల్తియేరో అట! గ్వాల్తియేరో అట!" జనం బండ్లు, తాళ్ళు, గోతాలు తీసుకుని మేడ మీద పడ్డారు. లోపల పీట, చీపురు కనపడ్డాయి.

"ఇది కార్డినల్ ఇల్లేంట్రా? కార్డినల్ దగ్గర చీపురెందుకుంటుంది?" అన్నాడు ఒకడు.

"అదుగో, ఆ పక్కది. కిటికీకి ముఖమల్ తెర చూడు."

ఆ సమయానికి ఉగుచ్చో పక్కవీధిలో ఒక ముసలాయనకి చివరి ప్రార్థన చదివి వస్తున్నాడు. సందు మలుపు తిరిగేసరికి పాకకి తలుపు లేదు. చాకలి బెర్తా ఆయన సొంత నులకమంచాన్ని నిలువునా పట్టుకుని ఆపసోపాలు పడుతోంది.

"తొందరగా రండి గురువుగారూ! ఎవరో మహానుభావుడు పోపయ్యాడు. లోపల ఇంకా మేకులున్నాయి, మీరూ రెండు పీక్కోండి. ముందు దీనికి కాస్త చెయ్యి వెయ్యండి, తల మీదకి ఎక్కించాలి."

ఉగుచ్చో చెయ్యి వేశాడు. మంచం ఆమె తల మీదకి ఎక్కించాక అడిగాడు. "బెర్తమ్మా, కొట్టంలో మేక..."

"దాన్ని వంతెన దగ్గర కుమ్మరి పట్టుకెళ్ళాడు. పొడుస్తూనే ఉంది పాపం, అయినా వదల్లేదు. వాడికి దేవుడంటే అంత భక్తి."

పెద్ద గుడిలో ఈ కబురు ఆచారాధికారి బొనకోర్సోకి అందింది. పీఠానికి సంబంధించిన ఆచారాలన్నీ ఆయన నోట్లోనే ఉంటాయి. పోపులు వస్తారు, పోతారు. బొనకోర్సో ఉంటాడు. ఆయన తాళం తీసి లోపలికెళ్ళి, అప్పుడే గెలిచి కళ్ళు తుడుచుకుంటున్న గ్వాల్తియేరో ముందు గొంతు సవరించుకున్నాడు.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, సదరు కార్డినల్ గారి గృహము దోచబడలేదు. గురువు ఉగుచ్చో అను వారి గృహము దోచబడినది. పోపు గృహమే దోచబడును. కావున ఉగుచ్చో గారు పోపుగా ఎన్నుకోబడినట్లు పరిగణించవలెను."

"ఓట్లు నాకు పడ్డాయి!" అన్నాడు గ్వాల్తియేరో.

"పడినవి. ఓట్లు మానవులు వేసినవి. మానవులు పొరబడుదురు. ఆచారము పొరబడదు."

"ఆ సామాను నాదయ్యా! దాచిపెట్టుకున్నాను!"

బొనకోర్సో చాలా మర్యాదగా అడిగాడు. "తమరు దీవెనను దాచితిరా?"

గ్వాల్తియేరో దాచలేదన్నాడు. ఆ సామాను ఎప్పుడూ తనది కాదన్నాడు. ఆ తాతగారు కూడా తన తాత కాదన్నాడు.

"జనం పొరబడ్డారంటే ఏమవుతుందో కూడా ఆలోచించండి," అన్నాడు బొనకోర్సో, ఆఫీసు భాష కాసేపు పక్కనపెట్టి. "అప్పుడు వాళ్ళు చేసింది దొంగతనం అవుతుంది. ఇవాళ చేసింది దొంగతనం అయితే నిన్నా మొన్నా చేసింది ఏమిటని అడుగుతారు. మీరు కూర్చున్న కుర్చీ ఎక్కడిది?"

కార్డినల్స్ అందరూ కుర్చీల్లోంచి కాస్త పైకి లేచి మళ్ళీ కూర్చున్నారు. ఉగుచ్చో ఏకగ్రీవంగా పోపయ్యాడు.

ఊరేగింపు పాక దగ్గరికి వచ్చేసరికి ఆయన తలుపు లేని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "లోకమంతా తమర్ని పిలుస్తోంది, కాదంటారా?" అన్నాడు బొనకోర్సో. ఇంక చెప్పేదేముంది. పల్లకీ ఎక్కించి తీసుకెళ్ళారు.

పట్టాభిషేకం నాడు ఆయనకి పసిఫికస్ అని కొత్త పేరు పెట్టారు. బొనకోర్సో చెవి దగ్గర వంగి నియమాలు వినిపించాడు. అందులో ఒకటి ఇది: "నేటి నుండి ఉగుచ్చో అను పేరు లేదు. ఎవరు పిలిచినను తాము పలకరాదు. పలికినచో పీఠమునకు అప్రతిష్ఠ."

"అలాగే నాయనా," అన్నాడు కొత్త పోపు. "కాసిని పాలు దొరుకుతాయా?"

పాలు దొరికాయి. ఆవుపాలు దొరికాయి, గేదెపాలు దొరికాయి, గాడిదపాలు కూడా వెండి గిన్నెలో దొరికాయి. అన్నీ వెళ్ళిన దారినే వెనక్కొచ్చాయి. నెమలి వేపుడు వాసన చూడగానే కళ్ళు తిరిగాయి. వారం తిరక్కుండానే పోపుగారి ఉంగరం వేలి నుంచి జారిపోవటం మొదలెట్టింది. దానికి దారం చుట్టారు. తర్వాత కిరీటం చెవుల మీదకి దిగింది. దానికి లోపల గుడ్డ కుక్కారు.

పీఠానికి బట్టలు ఉతకడానికి బెర్తానే వస్తుండేది. ఒకరోజు వరండాలో ఆయన్ని చూసి బట్టల మూట కింద పడేసింది.

"ఇదేంటి గురువుగారూ, ఇలా ఎండిపోయారు? మీ నులకమంచం బ్రహ్మాండంగా ఉంది, నాకు నడుం నెప్పి పోయింది. మీరేమో ఇలా!"

"నా మేక ఎలా ఉంది బెర్తమ్మా?"

"ఎలా ఉంటుంది? కుమ్మరిని రోజూ పొడుస్తోంది. వాడు కుండలు చేసుకుంటాడు, అది పగలగొడుతుంది. తిరిగిచ్చెయ్యరా అన్నా. వాడు భయపడి చచ్చాడు. దీవెన తిరిగిస్తే, వద్దన్నట్టు కాదూ? దేవుడి మొహాన కొట్టినట్టు కాదూ?"

"నువ్వే రహస్యంగా తోలుకురాకూడదూ?"

"అప్పుడు నేను దొంగనవుతా గురువుగారూ," అంది బెర్తా నొచ్చుకుని. "మా ఇంటా వంటా లేదు."

పోపుగారు ధైర్యం చేసి బొనకోర్సోని పిలిచారు. కుమ్మరి దగ్గరున్న మేకని తెప్పించమన్నారు. బొనకోర్సో కళ్ళు మూసుకుని ఆచారాలన్నీ ఒకసారి తిరగేశాడు.

"ఫలానా వాని వద్ద ఫలానా మేక అని ఉత్తర్వు ఇచ్చినచో, సదరు వ్యక్తిపై అనుమానము కలిగించినట్లగును. అనుమానము ఎవరిపైనను కలుగరాదు. కావున అందరిపైనను సమానముగా కలిగించవచ్చును. లోకమందలి సమస్త మేకలను పీఠమునకు సమర్పించవలెనని ఆజ్ఞాపించినచో ఎవరికిని బాధ ఉండదు."

"అన్నీ ఎందుకు నాయనా, ఒక్కటి చాలు."

"ఒక్కటి చట్టవిరుద్ధము, మహాప్రభో. అన్నియు విధానము."

పోపుగారికి కాదనడం చేతకాలేదు. గుర్రాల మీద వార్తాహరులు బయలుదేరారు. ముందు ఊళ్ళో మేకలొచ్చాయి. తర్వాత కొండల్లోవి, తర్వాత ఓడల మీద దీవుల్లోవి. రోములో వీధుల్లో మనుషులు పక్కకి నడవాల్సొచ్చింది. మేకలు పీఠం తోటలు తిన్నాయి, ఆ తర్వాత తెరలు తిన్నాయి. ఒక కార్డినల్ నిద్రపోతుంటే ఆయన టోపీ తిన్నాయి. పాలు లేక పిల్లలు ఏడుస్తున్నారని ఊళ్ళ నుంచి మొర వినిపిస్తే, బొనకోర్సో 'మేక లేకుండా జీవించు మాసోత్సవం' ప్రకటించాడు. జనం చాలా ఉత్సాహంగా జరుపుకున్నారు. మేకని కన్నెత్తి చూడనివాళ్ళకి రంగు రిబ్బన్లు ఇచ్చారు. రోజంతా మేకల మధ్యనే, వాటిని చూడకుండా నడవాలి కాబట్టి రిబ్బను వచ్చినవాళ్ళందరికీ మోకాళ్ళు చెక్కుకుపోయి ఉండేవి.

ఒక సాయంత్రం పోపుగారిని ఇద్దరు పట్టుకుని మేడ అంచు దాకా నడిపించారు. కింద ప్రాంగణం నిండా తెల్లమేకలు, నల్లమేకలు, గడ్డాలు, కొమ్ములు. ఇందులో ఎక్కడని వెతకటం? ఆయన గొంతు సవరించుకుని సాయంత్రం ప్రార్థన ఎత్తుకున్నాడు. ఎప్పట్లాగే శ్రుతి తప్పింది.

మందలో ఒక మూల కదలిక పుట్టింది. ఒక తెల్లమేక మిగతావాటి వీపుల మీదుగా దూకుతూ, మెట్లెక్కి, కాపలావాడి కాళ్ళ మధ్య నుంచి దూరి, పైకొచ్చి పోపుగారిని వెనక నుంచి ఒక్క పోటు పొడిచింది.

"అదే!" అన్నారు పోపుగారు నేల మీద పడి, కళ్ళనీళ్ళతో. "అదే నాది. ఒక గిన్నె తీసుకురండి నాయనా, పితుక్కుంటాను."

బొనకోర్సో మేకకీ ఆయనకీ మధ్య నిలబడ్డాడు.

"మహాప్రభో, ఇది తమది అని తాము సెలవిచ్చినచో, పట్టుకెళ్ళినవాడు దొంగ అవుతాడు. ఒకడు దొంగైతే ఊరంతా దొంగలే. ఊరంతా దొంగలైతే ఆ దోపిడీ చెల్లదు. దోపిడీ చెల్లకపోతే ఎన్నిక చెల్లదు. ఎన్నిక చెల్లకపోతే తాము పోపు కారు. తాము పోపు కాకపోతే ఈ మేకలు రాలేదు. రాని మేకల్లో తమ మేక ఎలా ఉంటుంది?"

పోపుగారు ఫియోరా వైపు చూశారు. ఆకలితో ఉన్న మనిషికి ఇది అర్థం చేసుకోవడం కష్టం, కానీ ఎక్కడా తప్పు కనపడలేదు. కాపలావాళ్ళు ఫియోరాని లాక్కుని కిందికి తీసుకెళ్ళారు. అది అరుస్తూనే ఉంది.

ఆయన నేల మీద నుంచే అడిగాడు. "బొనకోర్సో, పోపు పోతే ఆయన సామాను ఏమవుతుంది?"

"అదియు దీవెన అగును, మహాప్రభో. పీఠము ద్వారములు తెరువబడును. ఎవరి చేతికి దొరికినది వారిది."

"మేకలు కూడా?"

"కాలు గలవి, లేనివి, అన్నియు."

"పోయాడని ఎలా తెలుస్తుంది మీకు?"

బొనకోర్సో మొహం వెలిగింది. ఇది ఆయనకి ఇష్టమైన ఆచారం. "వెండి సుత్తితో నుదుటిపై మెల్లగా తట్టి, తల్లిదండ్రులు పెట్టిన పేరుతో ముమ్మారు పిలిచెదము. పలికినచో జీవించి ఉన్నట్లు. పలకనిచో పరమపదించినట్లు."

"తల్లిదండ్రులు పెట్టిన పేరుతోనా?"

"అవును."

"దానికి పలకొద్దని కదా నాయనా నువ్వు చెప్పింది?"

"చెప్పితిని," అన్నాడు బొనకోర్సో. "రెండును ఆచారములే."

మర్నాడు పోపుగారు మంచం దిగలేదు. దిగే ఓపిక కూడా లేదు. మధ్యాహ్నానికి వైద్యుడు, కార్డినల్స్, వెండి సుత్తి పట్టుకుని బొనకోర్సో వచ్చారు. గ్వాల్తియేరో అందరికంటే ముందు నిలబడ్డాడు.

"ఉగుచ్చో!" అని పిలిచాడు బొనకోర్సో, సుత్తితో తడుతూ.

పిలిస్తే పలక్కుండా ఉండటం ఆ మనిషి పుట్టాక ఎరగడు. గొంతులోకి "ఆఁ నాయనా" అన్న మాట వచ్చి కూర్చుంది. పళ్ళు బిగపట్టాడు.

"ఉగుచ్చో!"

నుదుటి మీద చెమట పట్టింది. "ఊపిరి ఆడుతోందండి," అన్నాడు వైద్యుడు.

"ఊపిరి గురించి ఆచారములో లేదు."

మూడోసారి సుత్తి ఎత్తేసరికి కింద ప్రాంగణంలో ఒక మేక అరిచింది. ఫియోరాయే. పాలు పితికేవాళ్ళు లేక పొదుగు నెప్పెట్టినప్పుడు అరిచే అరుపు. తన పేరునైతే ఎలాగో దిగమింగాడు గానీ ఆ పిలుపుకి మనసు ఆగలేదు. పెదవులు కదిలాయి.

"ఉగుచ్చో!"

పెదవులు మూతపడ్డాయి.

"పెదవులు కదిలాయి!" అన్నాడు వైద్యుడు.

"పిలువక ముందు కదిలినవి. పిలిచిన పిమ్మట కదలలేదు." బొనకోర్సో సుత్తి దించాడు. "పోపు పసిఫికస్ పరమపదించారు. ద్వారములు తెరువుడు."

గ్వాల్తియేరో మిగతాది వినలేదు. ఈసారి పొరపాటు జరక్కూడదని ఇంటికి పరుగెత్తాడు. ఇరుగుపొరుగు దగ్గర కుర్చీలు, కుండలు అరువు తెచ్చి మేడ నింపి, గుమ్మంలో నిలబడి దారిన పోయేవాళ్ళని బతిమాలాడు. "రండి బాబూ, దోచుకోండి! మొహమాటపడకండి!" కానీ ఆ పూట ఊరంతా పీఠం వైపే పోతోంది.

జనం లోపలికి పడ్డారు. దుప్పటి ఒకడు లాగాడు, చెప్పులు ఒకడు లాగాడు, కిరీటంలో కుక్కిన గుడ్డ కోసం ఇద్దరు కొట్టుకున్నారు. స్వర్గీయ పోపుగారు లేచి కూర్చున్నారు. బొనకోర్సో గోడవైపు తిరిగి కిటికీ పరీక్షించటం మొదలెట్టాడు.

బెర్తా దిండు పట్టుకుని ఆగిపోయింది. "బతికే ఉన్నారా గురువుగారూ?"

"లేదమ్మా."

"అయితే కాస్త లేవండి. దిండు మీ కింద ఇరుక్కుంది."

ఆయన లేచాడు. ఒంటి మీద మిగిలిన లోపలి చొక్కాతో, గోడ పట్టుకుంటూ, మెట్లు దిగి ప్రాంగణంలోకి వెళ్ళాడు. పాట ఎత్తుకోవాల్సిన పని పడలేదు. ఫియోరానే చూసి వచ్చింది. అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, దోసిట్లోకి పితుక్కుని తాగాడు. పాలు కడుపులో నిలిచాయి. దాని మెడ తాడు పట్టుకుని గుంపుతోపాటు గుమ్మం దాకా నడిచాడు.

"ఆగు తాతా," అన్నాడు కాపలావాడు. "ఆ మేక ఎవరిది?"

"నాదే బాబూ."

కాపలావాడు ఈటె అడ్డం పెట్టాడు. "నీ మేకకి లోపలేం పని? ఇవాళ ఈ గుమ్మం దాటాల్సింది పోపుగారి సామానే. సొంత సామానంటే వివాదం కింద లెక్క. పక్కన కట్టెయ్. కొత్త పోపుగారొచ్చాక విచారిస్తారు."

కొత్త పోపుగారు ఎప్పుడొస్తారో దేవుడికే తెలీదు. అప్పటిదాకా ఎవరు పితుకుతారు? ఎవరు తాగుతారు?

"పొరపాటున అన్నా బాబూ. నాది కాదు."

"మరెవరిది?"

"పోపుగారిది."

"మరి నీ చేతికెలా వచ్చింది?"

దీవెన అనాలి. ఊరంతా అదే అంటోంది, అంటే ఈటె లేస్తుంది. ముసలాయన నోరు తెరిచాడు గానీ ఆ మాట మాత్రం రాలేదు. ఫియోరా తల ఆయన చేతి కింద వెచ్చగా ఉంది.

"దొంగిలించాను," అన్నాడు.

కాపలావాడు అటూ ఇటూ చూశాడు. ఆ ఊళ్ళో ఆ మాట పైకి అనగా వినడం వాడికి అదే మొదలు. "ఛ ఛ. దీవెన అనాలి తాతా."

"కాదు బాబూ. దొంగతనమే. చచ్చిపోయినాయనకి ఉన్నది ఇదొక్కటే. ఎత్తుకెళ్ళిపోతున్నా."

వెనక నుంచి జనం తోస్తున్నారు. ఒకడి నెత్తిన పీఠం కుర్చీ ఉంది, ఇంకొకడి భుజాన వెండి సుత్తి ఉంది. "మతి పోయినట్టుంది," అనుకుని కాపలావాడు ఈటె ఎత్తాడు. "వెళ్ళు వెళ్ళు, దారి అడ్డం."

రోములో దొంగలు లేరని, ఒక్కడు కూడా లేడని, మొదట్లో గట్టిగా చెప్పాను. పట్టుబడ్డాను, ఒప్పుకుంటున్నాను. ఆ మాట తప్పు. ఒకడున్నాడు. ఆ సాయంత్రం కొండదారిలో, శ్రుతి తప్పి ప్రార్థన పాడుకుంటూ, వెనక నుంచి పొడిపించుకుంటూ, ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయాడు.